ఉతికిన గుడ్డ, తెల్లమేక ఎద

డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. తనకు తెలిసింది తప్ప లోకంలో తెలివనేదే లేదనిపిస్తుంది. పశుసంవర్ధక డిప్లొమా పూర్తిచేసుకుని నాచారంలో ఇల్లు చేరిన ఆ రోజుల్లో నాకది బాగా ముదిరి ఉండేది. మా వీధి చివరి ఖాళీ జాగాలో మా మేనత్తకు ఏడు మేకలుండేవి. పొలాలు పోయి చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా ఆమె మేకల్ని వదల్లేదు. వాటిలో తెల్లమేకంటే ఆమెకు ప్రాణం. దాన్ని రెండుసార్లు దాటించినా చూలు నిలవలేదు. "ఈపారి నిలవకుంటే ఉప్పల్ల మటన్ దుకాణపాయనకు అప్పజెప్త" అన్నాడు మామ. అత్త ఆ పూట అన్నం ముట్టలేదు. నేను ఊరుకోవచ్చు కదా! "ఎదకొచ్చిన రోజు కనిపెట్టుడే అసలు పని అత్తా. ఒక్క రోజు తప్పితే మళ్ల మూడు వారాలు ఆగాలె. సైన్సుతోని నేను పట్టిస్త" అని మాటిచ్చేశాను.

మాకు మేకపోతు లేదు. మేడిపల్లిలో అత్తకు తెలిసినాయన దగ్గర ఒకటుంది. పోతు కొమ్ముల వెనక గుడ్డతో రుద్ది, డబ్బాలో మూతపెట్టి, రోజూ మేకల ముక్కు దగ్గర పెడితే, ఎదకొచ్చినది తోకాడిస్తూ ఎగబడుతుందని మా పుస్తకంలో ఉంది. వెళ్లి, పోతును బతిమాలి రుద్దుకొచ్చాను. తిరుగు బస్సులో పదిమంది నిలబడి ఉన్నా నా పక్క సీటు ఉప్పల్ దాకా ఖాళీయే. కండక్టర్ దూరం నుంచే చెయ్యి చాపి, "గా డబ్బాల ఏందన్నా?" అన్నాడు. "సైన్సు" అన్నాను. "జర గట్టిగ మూతవెట్టు" అన్నాడు.

మర్నాటి నుంచి పొద్దునా సాయంత్రం ఊపిరి బిగబట్టి (ఆ కంపు భరించడం నావల్ల కాదు) గుడ్డను ఒక్కో మేక ముందు ఊపి, నోటుబుక్కులో "లేదు" అని రాసేవాణ్ణి. నాలుగో రోజు పొద్దున అత్త, "తెల్లది మేత ముడ్తలే అల్లుడా. ఒక్కతీరుగ ఒర్లుతుంది, తోక ఆగుతలేదు. ఇయ్యాల తోల్కపోదమా?" అంది. గుడ్డ చూపించాను. మేక మొహం తిప్పుకుంది. "సూసినవా? నీకెందుకు ఫికర్, నేను లేనా" అని, "లేదు" రాసుకుని ఇంటికొచ్చాను.

అన్నం వడ్డిస్తూ అమ్మ అంది: "గా డబ్బాల గుడ్డ నువ్వు తెచ్చిన్నాడే ఉతికిపెట్టిన రా. ఏం కంపు! రెండుసార్లు సబ్బు వెట్టి, సెంటు నీళ్లల్ల ముంచిన." నాలుగు రోజులుగా ఏడు మేకలకు నేను మల్లెపూల వాసన చూపిస్తున్నానన్నమాట.

ఎంగిలి చేత్తోనే పరుగెత్తాను. తెల్లమేక కట్టుగొయ్య దగ్గర లేదు. మామ అన్నంత పనీ చేశాడేమోనని ఉప్పల్ రోడ్డు వైపు తిరిగాను. అంతలో ఆటో వచ్చి ఆగింది. లోపల అత్త, ఆమె ఒళ్లో తలపెట్టుకుని తెల్లమేక. "మేడిపల్లి పోయొచ్చినం. నీ బుక్కుల నువ్వు రాస్కో, నా మేక సంగతి నాకెర్క" అంది. గుడ్డ సంగతి చెప్పాను. ఆటో దిగకుండానే కడుపు పట్టుకుని నవ్వింది.

ఐదు నెలలకు తెల్లమేక రెండు పిల్లల్ని ఈనింది. మామ మురిసిపోతూ, "ఎద ఎవలు పట్టిన్రు?" అని అడిగాడు. "ఇంకెవలు, మా అల్లుడే. సదువుకున్నోడాయె" అంది అత్త, నా వైపు చూడకుండానే. నిజం చెప్పాల్సింది. చెప్పకపోగా పెద్ద డాక్టరులా తలూపాను.

ఇప్పుడు రైతులకు మేకల పెంపకం నేర్పడమే నా ఉద్యోగం. మామ బతికున్నన్నాళ్లు నా తెలివిని బస్తీ అంతా చాటాడు. ఆయన పోయాక ఒకరోజు అత్తనడిగాను, ఆనాడు అట్లెందుకు చెప్పినవని. "మేకనైతే బతికించుకున్న. నిన్ను గూడ బతికించుకోవద్దా అల్లుడా?" అంది. నవ్వుదామనుకున్నాను గానీ, ముందు కళ్లే తడిశాయి.