తొట్టి వదలని పాము

జ్ఞానప్రకాశం పాము నీళ్ళ తొట్టిలో పడుకుని అప్పటికి ఆరు రోజులు. పాములు చుట్ట చుట్టుకుని మూలన పడుకుంటాయని నాకు తెలుసు. గడివేముల చేలల్లో పెరిగినదాన్ని. కానీ ఒళ్ళంతా నీళ్ళలో ముంచి, ముక్కు ఒక్కటి పైకి పెట్టి, రేయింబవళ్ళు కదలకుండా ఉండే పామును ఎన్నడూ చూడలేదు.

నిజం చెప్పాలంటే పాము కన్నా ముందు మనిషి మీదే నాకు అనుమానం. జ్ఞానప్రకాశం మా వెనక గదిలో అద్దెకు దిగి రెండేళ్ళు. ఆళ్ళగడ్డలోనే దేవుళ్ళ విగ్రహాలు చెక్కే ఒక పెద్దాయన కొట్టంలో పని. ఆదివారం చర్చి, సోమవారం నుంచి వినాయకుడు. ఇదేం వరస అని మొదటిరోజే అడిగాను.

"నువ్వు యే గుడికి పోతావని రాయి నన్ను అడగల్యా గదవ్వా," అన్నాడు.

అంత చప్పున జవాబు చెప్పే మగవాణ్ణి నేను నమ్మను.

వాళ్ళమ్మ లూదియా కూలికి పోతూ కొడుకును పంతులును చేయాలనుకుంది. ఇతను తొమ్మిదిలో బడి మాని బెంగళూరు పోయాడు. బండలు మోశాడు. తర్వాత రంగుచేపలు, చిలకలు, పరదేశపు పాములు అమ్మే అంగట్లో బోన్లు కడిగాడు. ఆ అంగడి మూతపడిననాడు ఎవరూ కొనని పాము ఒకటి మిగిలితే, యజమాని కాగితాలతో సహా ఇతని చేతిలో పెట్టాడట. రెండు మూరల పొడవు, నల్లటి ఒంటి మీద పసుపు మచ్చలు. ఆఫ్రికాదట, విషం లేదట. కాగితం చూపించాడు. అదేమో ఇంగ్లీషు, నేనేమో మూడో తరగతి. చదవలేని మనిషికి అడగకముందే కాగితం చూపించాడంటే ఏదో ఉందనే అనుకున్నాను.

దాన్నెందుకు పెంచుతున్నావంటే ఇంకో కథ. ఇతను మొదట చెక్కిన నాగప్రతిమను చూసి పెద్దాయన, "ఇది పాము గాదప్పా, చేంతాడు," అన్నాడట. అప్పటినుంచి పనినుంచి వచ్చి రోజూ పాము ముందు కూర్చుంటాడు. ఒంటి బరువు ఎక్కడ ఆనింది, ఏ చుట్ట ఏ చుట్ట మీద వాలింది, సుద్దముక్కతో నేల మీద గీస్తాడు. ఇప్పుడు నాగప్రతిమ కావాలని వచ్చేవాళ్ళు ఇతని చేతిదే అడుగుతున్నారు. నాకు ఇష్టం లేకపోయినా అది ఒప్పుకోవాలి.

ఆరోనాడు, మంగళవారం పొద్దున, గది గడపలో నిలబడ్డాను.

"ఏందప్పా ఇది? పొదిగే కోడి మాదిరి లేయకుండా ఉండాది. గుడ్లు పెడతాందా?"

"నీళ్ళల్లో యెవురన్నా గుడ్లు పెడతారా అవ్వా?"

"కప్ప పెడతాది. నాకు చెప్పొచ్చినావు."

అతను నవ్వలేదు. "ఎలుకనేసినా ముట్టల్యా. సస్తాదేమోనని భయంగా ఉండాది." నా మొహంలోకి చూశాడు. "నువ్వేమన్నా మందు చల్లినావా?"

నాకు ఒళ్ళు మండింది. "చల్లాలంటే నీ ముందరే చల్లుతా! చాటుమాటు పనులు నాకు రావు. శుక్రవారం లోపల పామన్నా పోవాల, నువ్వన్నా పోవాల."

మరునాడు అతను పని మాని నంద్యాలకు బయల్దేరాడు. అక్కడ పశువుల డాక్టరు ఒకామె పాముల్ని కూడా చూస్తుందట. వదిలేసి వచ్చానని చెప్పి సంచిలో తిరిగి తెస్తాడని నేనూ బస్సెక్కాను. పామును దిండు గలీబులో వేసి, గలీబు మూతి కట్టి, మూత బుట్టలో పెట్టాడు.

"బుట్టలో ఏముందవ్వా?" అన్నాడు కండక్టరు.

"మామిడికాయలు," అన్నాను.

"ఒకటియ్యి మల్ల."

"పుల్లవి. పండ్లు పులుస్తాయి, పో."

జ్ఞానప్రకాశం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

డాక్టరు విష్ణుప్రియ చిన్న వయసు పిల్ల. తడిపిన తెల్లగుడ్డతో పాము ఒళ్ళంతా తుడిచి చూసింది. పేలు పట్టినా పాములు నీళ్ళలో దిగుతాయట. గుడ్డ మీద ఒక్క నల్లచుక్క లేదు. కళ్ళు పాలరంగుకు తిరగలేదు కాబట్టి కుబుసం వదిలే సమయమూ కాదంది. నోట్లో నురగ లేదు.

"గదిలో గాలి ఆడుతుందా?"

"బండల మిద్దె మేడం. పైన గాలిసందు ఉండాది, బాగానే ఆడతాది."

"పాముకు సొంత వేడి ఉండదు. గది ఎంత కాలితే అదీ అంత కాలుతుంది. ఈ రోహిణి ఎండలో తట్టుకోలేక తొట్టిలో దాక్కుంది. ఎప్పటినుంచి?"

"పోయిన గురువారం నుంచి."

గురువారం. ఆ పొద్దున అతను పనికి పోగానే నేను వెనకవైపు నిచ్చెన వేసి, ఆ గాలిసందులో బయటినుంచి గోనెపట్ట కుక్కి మట్టి మెత్తాను, పాము అందులోంచి నా వంటింట్లోకి వస్తుందని. చీకటితో పోయి చీకటిపడ్డాక వచ్చేవాడికి, ఆదివారమంతా చర్చిలోనే గడిపేవాడికి అది కనపడలేదు. డెబ్బై రెండేళ్ళకు నిచ్చెన ఎక్కానని ఆరోజు నాలో నేనే మురిసిపోయాను కూడా.

"గాలి ఆడే గదిలో ఇట్లా జరగదు," అంది డాక్టరు. అతన్ని చూసే చూపు మారింది. "మీరు సరిగా చూసుకోవడం లేదు. ఇంకో వారమైతే బతకదు. నాకు వదిలి వెళ్ళండి, చూసుకునేవాళ్ళకు ఇస్తాను."

నేను వచ్చిందే అందుకు. నోరు మూసుకుంటే చాలు. జ్ఞానప్రకాశం బుట్ట మీద చెయ్యి తీయలేదు. ఆ వేళ్ళ సందుల్లో రాతిపొడి, ఎంత కడిగినా పోనిది.

"ఆయప్ప తప్పు ల్యామ్మా," అన్నాను. "ఆ సందు మూసింది నేను."

అతను నా వైపు తిరిగాడు. తిడతాడనుకుని నేనూ మాట వెతుక్కుంటున్నాను.

"నిచ్చెన యెవురు పట్టుకున్యారు?"

"యెవురూ ల్యా."

"పడింటే?"

"పడల్యా గదా!"

ఆ సాయంత్రం పాముతోనే ఇంటికి తిరిగొచ్చి నేను నిచ్చెన పట్టుకున్నాను, అతను ఎక్కి ఉలితో మట్టి రాల్చాడు. ఆ సందుకు సన్నటి ఇనుపజాలీ కొడితేగానీ అతన్ని కిందికి దిగనీయలేదు. అనుమానం ఎక్కడికి పోతుంది?

శుక్రవారం తెల్లవారి అతను బట్టలు, దుప్పటి మూటగట్టుకుని నా గుమ్మం ముందు నిలబడ్డాడు. నేను అతన్ని దాటి వెనక గదికి పోయి చూశాను. తొట్టి ఖాళీ. పాము బండ మీద చుట్టుకుని, తల మధ్యలో పెట్టుకుని పడుకుంది. తొట్టి అడుగు కూడా తడిమి చూశాను. గుడ్లు లేవు.

"అవ్వా, ఈపొద్దు శుక్రవారం," అన్నాడు వెనకనుంచి.

"యే శుక్రవారమో నేను చెప్పినానా?" అన్నాను. "మూట ఆడ పెట్టి, పనికి పో. ఎండెక్కుతాంది."