ముందు సీటుకు అందించిన చిప్స్

మా కారులో ముందు సీటు ఇప్పటికీ అమ్మదే. అమ్మ పోయి ఒక చలికాలం దాటింది. నాన్న మాత్రం వెనక సీట్లోనే కూర్చుంటాడు. "ముందుకొచ్చి కూర్చో నాన్నా, నేనేమన్నా నీ డ్రైవర్నా?" అని విసుక్కుంటే, "మరి మీ అమ్మ ఎక్కడ కూర్చుంటుందే?" అంటాడు. మంచినీళ్ళు అడిగినంత మామూలుగా అంటాడు. 

మేముంటున్న ఈ పరాయి దేశంలో హామిల్టన్ ఊరు దాటి కొంచెం దూరం వెళ్తే, రోడ్డు పక్కన పాతకాలపు డ్రైవ్ ఇన్ హోటల్ ఒకటుంది. కారు దిగక్కర్లేదు. రేకుల షెడ్డు కింద ఆపి హెడ్‌లైట్లు ఓసారి వెలిగించి ఆర్పితే, ఏప్రన్ కట్టుకున్న పెద్దావిడ బయటికొస్తుంది. సగం దించిన అద్దానికి ట్రే తగిలించి, కాగితంలో చుట్టిన వేడివేడి చిప్స్ పెట్టి వెళ్తుంది. మనవాళ్ళు ఫ్రైస్ అంటారే, అవే. కాకపోతే వేలంత లావు. పైన కరకర, లోపల మెత్తన. అబ్బ, ఆ వాసన! ఇంకెక్కడా రాదు.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు. చీర కట్టుకుని ఈ చలిగాలిలో కారు దిగడం, ఎక్కడం ఆవిడకు నరకం. నా పిల్లల్ని చూసుకోవడానికని వచ్చి, పలకరించే మనిషి లేక మూగబోయింది. "ఏం ఊరే ఇది, వీధిలో నరమానవుడు లేడు" అనేది. అలాంటి అమ్మ ఆ షెడ్డు కింద మాత్రం చిన్నపిల్లలా నవ్వేది. "హోటలే మన దగ్గరికి నడిచొస్తోంది చూడవే, మహారాణులం!" అని మురిసిపోతూ, సంచిలోంచి స్టీలు డబ్బా తీసి చిప్స్ మీద కారప్పొడి చల్లేది. "ఏవండీ, పట్టండి" అంటూ వెనక్కి చెయ్యి చాపేది. నాన్న పెద్ద ఇష్టం లేనట్టు మొహం పెట్టి, అన్నీ తినేవాడు.

నాన్న అల్లాటప్పా శాకాహారి కాదు. ఇంట్లో పిల్లల కోసం గుడ్డు ఉడికించిన గిన్నెను విడిగా పెట్టించిన మనిషి. అందుకే మొదటిరోజే ఆ పెద్దావిడని గుచ్చి గుచ్చి అడిగాను, మాంసం ఉందా, చేప ఉందా, గుడ్డు ఉందా అని. "బంగాళాదుంపలు, ఉప్పు, అంతే" అని నవ్విందావిడ. నూనె సంగతి అడగాలని మాకెవరికీ తట్టలేదు. నూనంటే గింజల్లోంచి వస్తుందనే కదా మనకు తెలిసింది!

అమ్మ పోయాక నాన్నకు తిండి సయించలేదు. కంచం ముందు కూర్చుంటాడు, కలుపుతాడు, కలుపుతూనే ఉంటాడు, లేచి చెయ్యి కడుక్కుంటాడు. గుత్తొంకాయ చేశాను, మజ్జిగపులుసు చేశాను, బతిమాలాను, అరిచాను. చొక్కాలు భుజాల మీంచి జారిపోతున్నాయి. ఈయన కూడా పోతాడని భయం పట్టుకుంది నాకు. డాక్టరైతే, ఏది తింటే అదే పెట్టండి, ఇలాగే ఉంటే కష్టం అని చెప్పేశాడు.

ఒక శనివారం నాన్నే అన్నాడు, "అక్కడికి పోదామా? మీ అమ్మ అడుగుతోంది."

తీసుకెళ్ళాను. పొట్లం చేతికివ్వగానే నాన్న ముందుకు వంగి, నాలుగు చిప్స్ కాగితం మీద పెట్టి ముందు సీటులో ఉంచాడు. "వేడిగా ఉన్నాయి, చూసి తిను" అన్నాడు. తరవాత తను తిన్నాడు. పొట్లం మొత్తం తిన్నాడు. మధ్యమధ్య ఆ సీటుతో పిల్లల చదువుల గురించి, తన కాలి నొప్పి గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. నేను స్టీరింగ్ పట్టుకుని ఏడ్చాను. అప్పట్నుంచి ప్రతి శనివారం ఇదే. శనివారం తిన్న బలంతో మిగతా రోజులు కూడా రెండు ముద్దలు దిగేవి.

ఓ మధ్యాహ్నం పొగమంచు కమ్మేసి, షెడ్డు తప్ప ఇంకేం కనబడటం లేదు. లోపలికి తిప్పుతుంటే కారు టింగ్ టింగ్‌మని మోగింది. ముందు సీట్లో మనిషి బెల్టు పెట్టుకోలేదట! సీటు మీద ఏమీ లేదు, నా హ్యాండ్‌బ్యాగైనా లేదు. "ఎప్పుడూ ఇంతే, చెప్తే వినదు" అన్నాడు నాన్న వెనకనుంచి. ఆ బెల్టు లాగి తగిలించాను. మోత ఆగింది. సెన్సార్ పాడైంది, మార్చేస్తానన్నాడు మెకానిక్. వద్దన్నాను.

తరవాత ఓ శనివారం షెడ్డు నిండిపోయి, కారు వెనకవైపు ఆపాల్సొచ్చింది. అక్కడ వ్యానులోంచి అట్టపెట్టెలు దింపుతున్నారు. పెట్టెల మీద ఆవు బొమ్మ. ఒకటి విప్పి ఉంది, లోపల తెల్లటి కొవ్వు దిమ్మ. నాన్న కునుకు తీస్తున్నాడు. దిగి వెళ్ళి పెద్దావిడని అడిగాను. "మొదట్నుంచీ దీన్లోనే వేయిస్తాం, అందుకే ఆ రుచి" అందావిడ గర్వంగా. ఆవిడ తప్పేముంది? మేము అడిగిందానికి జవాబు చెప్పింది.

ఆ వారమంతా నా బుర్ర పనిచేస్తే ఒట్టు. చెప్తే నాన్న ఆ క్షణమే మానేస్తాడు. తిండీ పోతుంది, అమ్మతో మాటా పోతుంది, ఆ తరవాత నాన్నే పోతాడు. చెప్పకపోతే, ఆయన జన్మంతా కాపాడుకున్న నియమాన్ని వారం వారం నా చేత్తో నేనే మంటగలిపినట్టు. ఇంకొకరి నోట్లోకి ఏం వెళ్తోందో నాకు తెలిసి, ఆయనకు తెలియకపోవడం భరించలేకపోయాను.

మళ్ళీ శనివారం, పొట్లం విప్పకముందే చెప్పేశాను. అంతా చెప్పేశాను.

నాన్న పొట్లం విప్పాడు. ముందు సీటు వాటా పెట్టాడు. ఒకటి నోట్లో వేసుకుని, "తెలుసు" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"మీ అమ్మ ఉండగానే. బాత్‌రూమ్‌కని వెనక్కి వెళ్ళా. వంటింటి తలుపు తీసుంది. ఆ దిమ్మ మూకుట్లో వేస్తున్నారు. అడిగితే చెప్పారు."

నాకు ఒళ్ళు మండింది. "అమ్మకు చెప్పలేదా?"

"ఎలా చెప్పమంటావే? తిరిగొచ్చేసరికి మూతికి కారప్పొడి అంటించుకుని నవ్వుతోంది. ఈ దేశం వచ్చాక అలా నవ్వడం ఇక్కడే చూశా."

"మరి నువ్వెందుకు తిన్నావు?"

"తనను తిననిచ్చి, నేను మడి కట్టుకు కూర్చోనా? పాపమంటూ ఉంటే ఇద్దరికీ ఉండనీ అనుకున్నా."

"ఇప్పుడు అమ్మ లేదు కదా నాన్నా" అనేశాను. నోరు జారింది.

నాన్న ముందు సీటు వంక చూశాడు. తరవాత, ఆవిడకు వినబడకూడదన్నట్టు నా చెవి దగ్గరికి వంగాడు.

"శనివారాలు వచ్చిపోతోంది, సరే. మిగతా రోజులు ఎక్కడుంటోందో ఎవరికి తెలుసు? నేనిప్పుడు మానేసి శుద్ధిగా పైకి వెళ్తే, నన్నో చోట, మీ అమ్మనో చోట పెడితేనో?"