టైపక్క మెషిన్ జోలికి రావద్దు

టైపక్కకు కోపం ముక్కు మీదే ఉంటుందని వీధిలో అందరికీ తెలుసు. ఆ సోమవారం అది నెత్తికెక్కింది. కంప్యూటరు తెరిచేసరికి తెరంతా మారిపోయి ఉంది. అడుగున ఉండాల్సిన పట్టీ పైకి పోయింది. తెలుగుకు మారే మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. కిటికీ అవతల ఒక నర్సు, ఉద్యోగం దరఖాస్తు పట్టుకుని నిలబడి ఉంది, దానికి ఆ రోజే గడువు.

"పర్లేదక్కా, ఎదురు షాపులో చేయించుకుంటాలే" అని ఆమె వెళ్లిపోయింది. నొప్పించాలని అన్న మాట కాదు. అయినా టైపక్కకు చెంప మీద కొట్టినట్టయింది. దరఖాస్తులు, అర్జీలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు ఈ ముందు గదిలోనే టైపు చేసి ఆమె ఇన్నేళ్లూ ఇల్లు నడిపింది. ఆ కిటికీ దగ్గరికి మనుషులు రావడం మానేస్తే ఆమెకు వేరే బతుకుతెరువు లేదు.

ఇదంతా తమ్ముడి నిర్వాకం. మెషిన్ ముసలిదైంది, పారేయమని మెకానిక్ అన్నప్పుడు, "విండోస్ తీసేసి లైనక్స్ వేద్దామక్కా, ఉచితం, పాతదానికి ప్రాణం లేచొస్తుంది" అన్నది వాడే. నిజంగానే లేచొచ్చింది. కానీ అందులో వందలాది రకాలున్నాయట! ఆమె ఒకదాంట్లో దారీ తెన్నూ తెలుసుకునేలోగా వాడు ఆదివారం వచ్చి, "ఇది ఇంకా తేలికక్కా" అంటూ మరొకటి ఎక్కించేవాడు. ఫైళ్లు వేరే డిస్కులో ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే వాడి వీపు విమానం మోత మోగేది.

ఫోన్ చేయగానే వాడు పెన్‌డ్రైవుల సంచితో ఊడిపడ్డాడు. ఉద్యోగం పోయి ఇంట్లోనే ఉంటున్నాడు కదా.

"ఇన్నిట్లో ఏది మంచిదో తేలేదెలారా?"

"ఎక్కించక్కర్లేదక్కా, పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు."

"ఆ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా! లే అక్కణ్ణించి."

వాణ్ణి స్టూలు మీదికి తోసి ఆమె కుర్చీలో కూర్చుంది. ప్రతిదాంట్లోనూ ఒకటే పరీక్ష పెట్టింది: తెలుగులో ఒక అర్జీ కొట్టి ప్రింటు తీయడం. మొదటిది కంటికి ఇంపుగా ఉంది గానీ మూడు వాక్యాలకే మెషిన్ ఆయాసపడింది. రెండోది చురుకైనదే, కానీ ప్రింటర్‌ను గుర్తుపట్టాలంటే నల్ల తెరలో ఏవో మంత్రాలు కొట్టాలట. దాన్ని పీకి పారేసింది. సంచి అడుగున ఇంకొకటి ఉంది.

"అది వద్దక్కా, మరీ కొత్తవాళ్ల కోసం చేసింది. చూడ్డానికి కూడా బాగోదు."

"నేను కొత్తదాన్నే కదరా! నాకు అందమెందుకు, పెళ్లిచూపులా?"

పట్టీ అడుగునే ఉంది. తెలుగు మీట మాట వింది. అర్జీ కాగితం గరగరమంటూ బయటికొచ్చింది. ఆమె దాన్నే ఎక్కించమంది. పాస్‌వర్డ్ పెట్టే చోటికి రాగానే వాణ్ణి గోడవైపు తిరగమని, దాన్ని తనే టైపు చేసింది.

"ఏదైనా అయితే ఎలాగక్కా? నాక్కూడా చెప్పు."

"ఏదైనా అయ్యేది నీ వల్లే. ఇక దీన్ని ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా."

తమ్ముడు పెన్‌డ్రైవులు ఒక్కొక్కటే సంచిలో వేసుకున్నాడు. "అయితే ఇక ఆదివారాలు రానక్కర్లేదు" అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "పని పోయినప్పట్నుంచీ ఎవరింటికెళ్లినా ఏం పని మీద వచ్చావంటున్నారు. ఇక్కడికైతే చెప్పుకోడానికి ఇదొకటుండేది."

టైపక్కకు ఇందాకటి కోపానికి రెట్టింపు కోపం తన్నుకొచ్చింది.

"అక్క ఇంటికి రావడానికి నీకు పని కావాలట్రా? ఆ మాట నోటితో చెప్పలేక నా మెషిన్ పీక పిసికావా?" కళ్లు మండుతున్నాయి. "వచ్చే ఆదివారం చేతులూపుకుంటూ రా. ఆ సంచి కనబడిందో, గుమ్మం తొక్కనివ్వను!"