నా చేతిలో రంగు మారిన నీళ్లు

ఆ వీధి మా అవ్వ బతికిన వీధి అని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. నేను పని మీద మాటిమాటికీ అక్కడికే పోయేదాన్నని ఇంట్లోనూ చెప్పలేదు. చెప్పడం ఇదే మొదటిసారి.

దయ్యాలున్నాయంటే నమ్మే మనిషిని కాను. గాలి సోకిందంటూ వేపమండలు తెచ్చే బంధువులను చూస్తే చిన్నప్పటి నుంచి చిరాకు. కెమిస్ట్రీ చదివాను. తమిళనాడు ధర్మపురిలో తాగే నీళ్లు పరీక్ష చేసే ఒక ల్యాబ్‌లో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. నలుగురిలో నోరు తెరవడం నాకు చేతకాదు కాబట్టి సీసాలతో, రంగులతో చేసే ఈ పని సరిపోయింది. ఏ రోజు సంగతి ఆ రోజే డైరీలో తెలుగులో రాసుకుంటాను. మా ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ నాకు తప్ప ఆ అక్షరాలు ఎవరికీ రావు. డైరీ తెరిచి పెట్టినా భయం లేదు.

మా వైపు నేలలో ఫ్లోరైడ్ ఎక్కువ. దానికి రుచీ లేదు, వాసనా లేదు, పళ్లనూ ఎముకలనూ మాత్రం పాడుచేస్తుంది. అవ్వ జీవితమంతా ఆ వీధి చివర ఉన్న బోరు నీళ్లే తాగింది. పోయేనాటికి మెడ తిప్పలేకపోయేది. ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పుకొని చూసేది. ఆమె పోయిన తరువాత హొగెనకల్ నుంచి కావేరి నీళ్లు వచ్చాయి. బోరు పంపు పీకేసి, అదే చోట వీధి కొళాయి పెట్టారు.

పరీక్ష కష్టమైనదేమీ కాదు. గాజు గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఫ్లోరైడ్ హద్దు దాటితే ఆ గులాబీ పసుపుకు తిరుగుతుంది. ఆ కొళాయి దగ్గర నేను మొదటిసారి పట్టిన నీళ్లు పసుపయ్యాయి.

అప్పుడు నాకు ఆశ్చర్యం కూడా కలగలేదు. పాత బోరు పైపు ఎక్కడో కొత్త లైనులో కలిసి ఉంటుంది, తవ్వి చూస్తే తేలిపోతుంది అనుకున్నాను. అలాగే రాసి ఇచ్చాను.

మళ్లీ పరీక్ష చేయడానికి మా సీనియర్ సెల్వం అన్న వెళ్లాడు. ఆయన పట్టిన నీళ్లు గులాబీగానే ఉన్నాయి. నేను మళ్లీ వెళ్తే పసుపు. ఆయన మళ్లీ వెళ్తే గులాబీ. రంగును నమ్మలేక ల్యాబ్‌లో మిషన్ మీద పెట్టాం. మిషనూ అదే చెప్పింది. నా సీసాలో ఎక్కువ, ఆయన సీసాలో సరిగ్గా ఉండాల్సినంత.

"ఏమ్మా, చేతిలోనే బోరు వేసుకొని తిరుగుతున్నావా?" అన్నాడు సెల్వం అన్న. ఆఫీసులో మాటలన్నీ తమిళమే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బాత్రూములోకి పోయి చేతులు చాలాసేపు కడుక్కున్నాను.

తప్పు నాదేనేమోనని చేయగలిగినదంతా చేశాను. టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ ఉంటుంది కనుక అది మానేసి ఉప్పుతో పళ్లు తోముకున్నాను. గ్లౌజులు వేసుకున్నాను. సెల్వం అన్న కడిగిన సీసానే అడిగి తీసుకున్నాను. తేడా రాలేదు. అదే సీసాలు, అదే మందుతో కారిమంగళం వైపు ఊళ్లలో పట్టాను. అక్కడ మా ఇద్దరి నీళ్లకూ ఒకటే రంగు. ఆ ఒక్క కొళాయి దగ్గరే, అదీ నా ఒక్కదాని చేతిలోనే.

ఇంత పట్టుదల ఎందుకంటే, మంజులక్క వల్ల. ఆమె కొళాయి ఎదురింట్లో ఉంటుంది, ఇళ్లు కట్టే పనికి పోతుంది. మాలాగే ఇంట్లో తెలుగు. నేను తెలుగులో పలకరించేసరికి ఆ వీధిలో మొదట నాతో మాట్లాడింది ఆమే. ఒక రోజు పెద్దకూతురిని పిలిచి, గడ్డం పట్టుకొని నోరు తెరిపించింది. పాలపళ్లు ఊడి కొత్తవి వస్తున్నాయి. వాటి మీద సుద్దతో గీసినట్టు తెల్ల చారలు.

"ఎంత తోమినా పోలేదు పాపా. పొడి మార్చి చూస్తిని, బొగ్గుతో తోమిస్తిని. ఇది పోతుందా?"

పోదని నాకు తెలుసు. చెప్పలేకపోయాను. ఆమె చంకలో ఉన్న చిన్నపాపకు ఇంకా పళ్లే రాలేదు. ఈ పాపకైనా ఆ నీళ్లు ఆపించాలి అనుకున్నాను. దానికి రోడ్డు తవ్వాలి. తవ్వడానికి కారణం కావాలి. కారణం నా సీసాలో తప్ప ఎక్కడా లేదు.

చివరికి ల్యాబ్ చూసుకునే మా సార్ స్వయంగా వచ్చారు. నీళ్లు వదిలే పొద్దుటి వేళ. వరసలో పెట్టిన ప్లాస్టిక్ బిందెల వెనక ఆడవాళ్లు నిలబడి చూస్తున్నారు. ముందు సెల్వం అన్న పట్టాడు. కొళాయి కట్టేయకుండానే అదే ధార కింద నేను పట్టాను. ఆయనది గులాబీ, నాది పసుపు. సార్ ఒక సీసా మంజులక్క చేతికిచ్చి పట్టమన్నారు. గులాబీ. ఇంకొకటి సార్ తన చేత్తో కడిగి, నాకు కొత్త గ్లౌజులు ఇచ్చి పట్టమన్నారు. మందు చుక్కలు కూడా ఆయనే వేశారు.

పసుపు.

వెనక ఎవరో "అయ్యయ్యో" అన్నారు. సార్ ఆ గొట్టాన్ని ఎండకెత్తి చాలాసేపు చూశారు. తరువాత మోరీలో పారబోశారు. నీళ్లు బాగున్నాయనీ, శాంపిల్ పట్టే పద్ధతిలో పొరపాటు జరుగుతోందనీ రాయమన్నారు.

నేను సార్‌కు ఎదురు మాట్లాడింది ఆ ఒక్కసారే. "సార్, ఒక్కసారి తవ్వి చూడండి సార్."

"ఏం చూసి తవ్వమంటావమ్మా? నీ చెయ్యి చూసా?"

పసుపు రాలేదని ఎవరూ అనలేదు. అందరూ కళ్లారా చూశారు. కానీ అది లెక్కలోకి రాదు. ఇప్పటికీ నన్ను తినేసేది అదే. ఆ రాత్రి డైరీలో రాసుకున్న మాట ఇది: దయ్యమే అయితే ఇంత పనికిరాని దయ్యం ఇంకోటి ఉండదు. చెప్పదలుచుకుంటే సెల్వం అన్న చేతిలో ఒక్కసారి చెప్పి ఉండొచ్చు. ఈపాటికి రోడ్డు తవ్వి ఉండేవాళ్లు. నోరు లేని నాకు చెప్పి ఏం లాభం?

అది అవ్వే అని అనుకోవాలని నాకు లేదు. అలా అనుకుంటే మనసుకు ఊరటే. కానీ నీళ్లకు మనవరాలెవరో, పరాయివాళ్లెవరో ఎట్లా తెలుస్తుంది? నాకు తెలిసిన కెమిస్ట్రీలో దీనికి జవాబు లేదు. అడగడానికి మనిషీ లేడు. నన్ను వేరే ఏరియాకు మార్చారు.

తరువాత ఒక ఆదివారం, ఎవరికీ చెప్పకుండా, సీసా తీసుకొని మళ్లీ పోయాను. నన్ను చూడగానే ఆడవాళ్లు బిందెలను కొళాయి దగ్గరి నుంచి పక్కకు లాక్కున్నారు. నేను ధార కింద చెయ్యి పెట్టి సీసా నింపాను. లేచి రెండడుగులు వేశానో లేదో, వెనక నీళ్ల చప్పుడు. తిరిగి చూస్తే, నేను ముట్టిన కొళాయిని ఒకామె చింతపండు పెట్టి తోముతోంది. ఇంకొకామె నిండిన బిందెను, ఆ ఎండాకాలంలో, నేల మీద కుమ్మరిస్తోంది.

మంజులక్క రోడ్డు మలుపు దాకా నాతో వచ్చింది. చంకలో చిన్నపాప నా సీసా కోసం చెయ్యి చాపుతోంది. మంజులక్క ఆ చేతిని వెనక్కి లాగి కొంగులో దాచింది. ఆ పాపను ఇంకో వైపుకు మార్చుకొని, చాలా మెల్లగా చెప్పింది.

"నీ పైన నాకేం కోపం లేదు పాపా. నువ్వు మంచిదానివే. ఈ పక్కకి మాత్రం ఇంక రావద్దు. నువ్వు రాకుంటే మా నీళ్లు బాగానే ఉండాయి."