కూర్చుని చూడవలసిన సిలువ

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. బూర్గంపాడులో మా పక్కింటి హిస్టరీ సారు పోయిన నెల పోయారు. ఎరిగినవాళ్ళకు ఎలాగూ తెలుసు, ఎరగనివాళ్ళకు చెప్పి ప్రయోజనం లేదు. కానీ ఆయన వస్తువొకటి నా బల్ల మీద కూర్చుని నన్ను ఊరుకోనివ్వడం లేదు.

రిటైరయ్యాక సారుకు పాత పతకాల పిచ్చి పట్టింది. నేనూ ఒకప్పుడు అగ్గిపెట్టెల బొమ్మలు కూడబెట్టాను. వాటిని నాకంటే చెదలే శ్రద్ధగా చూసుకున్నాయి. సారువి తల్లుల పతకాలు. నాజీల కాలంలో ఎక్కువ మందిని కన్న జర్మన్ తల్లులకు ఇచ్చిన నీలిరంగు సిలువలు. నలుగురుంటే కంచు, ఆరుగురుంటే వెండి, ఎనిమిది మందుంటే బంగారు పూత. యూదు తల్లికి పది మంది ఉన్నా ఏమీ లేదు. వెనకవైపు నియంత సంతకం ఉంటుంది, తల్లి పేరు ఉండదు.

"ఇది బిరుదు కాదయ్యా, రసీదు. కొడుకులను యుద్ధానికి జమ చేసుకోబోతూ ముందే ఇచ్చింది" అనేవారు సారు.

నిలబడి చూడనిచ్చేవారు కాదు. కుర్చీ వేసి, కళ్ళద్దాలు పంచె అంచుతో తుడుచుకుని, కథంతా చెప్పాకే పెట్టె తెరిచేవారు. పాలు పోసేవాడినీ అలాగే కూర్చోబెట్టేవారు; మా వీధికి పాలు ఆలస్యంగా రావడానికి కారణం అదే.

పినపాక వైపు నుంచి అడ్డాకుల విస్తళ్ళు తెచ్చే అవ్వకూ కుర్చీ వేశారు. "నేను తొమ్మిది మందిని కన్న సారూ, నాకేది?" అని నవ్విందామె. బంగారు సిలువ చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ తల్లి పిల్లలేరి మరి?" అంది. ఆ తర్వాత సారు ఎవరికి చెప్పినా కథను ఆ ప్రశ్న దగ్గరే ఆపేవారు.

సారు పోయాక ఆయన భార్య, నాకు వదిన వరస, ఆ సిలువలు ఇంట్లో ఉండకూడదన్నారు. అస్థికలతో పాటు గోదావరిలో కలిపేద్దామని మూట కట్టారు. వాటితో పాటు సారు కథా మునిగిపోతుందని నా బాధ. ఆ దుఃఖంలో ఉన్న మనిషికి ఎలా చెప్పను?

దినాలకు విస్తళ్ళు తెచ్చిన అవ్వ గడపలోనే నిలబడి అంది: "గోదారిల వెయ్యకమ్మా. ఆ నీళ్ళు పిల్లలు తాగుతరు."

వదిన ఆ మూట తీసి నా చేతిలో పెట్టారు. "నీకు మాట్లాడకుంటే పొద్దుపోదు గదా. నువ్వే ఉంచుకో."

నిన్న కరెంటు మీటరు చూడడానికి వచ్చినతను బల్ల మీద సిలువ చూసి, "ఇదేంది పెద్దాయనా?" అన్నాడు.

కుర్చీ వేశాను.