విరగాల్సిన పిన్ను

1972 మే నెల. గోదావరిఖని ఎండ సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పినా నమ్మరు. నేనప్పుడు బొగ్గు కంపెనీ వర్క్‌షాపులో ఫిట్టర్‌ని. గనిలో నీళ్ళు తోడే పంపులు, బొగ్గు టబ్బులను తాడుతో పైకి లాగే హాలేజీ ఇంజిన్లు, ఇవే నా లోకం. తొమ్మిదేళ్ళ సర్వీసు. నా చేతిలో పడ్డ యంత్రం బాగుపడకుండా పోదని పేరుండేది. ఆ పేరు ఊరంతా చెప్పుకుతిరిగినవాణ్ని మాత్రం నేనే.

ఒక మధ్యాహ్నం ఫస్టు షిఫ్టు దిగి క్వార్టరుకు వచ్చేసరికి వాకిట్లో ఇద్దరు కూర్చుని ఉన్నారు. మధ్యలో గోనెసంచిలో చుట్టిన పెద్ద మూట. ఒకాయన పోచం కాక, గోదావరి మీద పడవ నడిపే ముసలాయన. రెండో అతను లచ్చన్న, అవతలి ఒడ్డు ఊరివాడు, గనిలో బదిలీ వర్కరు.

"బిడ్డా, గిది పడవ మోటరు" అన్నాడు పోచం కాక. "నది లోతు కొలవనీకె వచ్చినోళ్ళు చెడిపోయిందని నాకు ఇడిసిపెట్టి పోయిండ్రు. ఎనిమిదేండ్ల సంది మా ఇంట్ల దూలానికి ఏలాడుతున్నది. నడుస్తదా?"

విప్పి చూశాను. అవుట్‌బోర్డ్ మోటరు. పడవ వెనక చెక్కకు బిగిస్తారు. పైన ఇంజిను, కింద నీళ్ళలో తిరిగే రెక్కల ప్రొపెల్లరు. తాడు పట్టి లాగితే స్టార్టవ్వాలి. లాగితే తాడే తెగి చేతికొచ్చింది.

"ఇప్పుడెందుకు గుర్తొచ్చింది దీని సంగతి?" అని అడిగాను.

లచ్చన్న తలవంచుకుని చెప్పాడు. "పోయినేడు వానలల్ల పడవ ఆగి పదకొండు మస్టర్లు తక్కువ పడ్డయన్నా. ఈయేడు గూడ తక్కువ పడితే మల్ల బదిలీ బతుకే. నలుగురు పిల్లలు నాకు. ఇంకెన్నేండ్లు గిట్ల?"

బదిలీ వర్కరంటే, పర్మినెంటు మనిషి డ్యూటీకి రాని రోజు ఆ పని దొరికేవాడు. పనిచేసిన ప్రతి రోజూ ఒక మస్టరు. ఏడాదిలో ఇన్ని మస్టర్లు నిండితేనే పర్మినెంటు. ఖని దగ్గర అప్పటికి వంతెన లేదు. వరద నిండుగా ఉన్న రోజు ఎలాగూ ఎవరూ నదిలో దిగరు. కానీ వరద తగ్గాక కూడా చాలా రోజులు తెడ్లతో దాటలేనంత ఒరవడి ఉంటుంది. లచ్చన్న పోగొట్టుకునేది ఆ రోజులనే. ఆ ఊరి నుంచి అలాంటివాళ్ళు ఎనిమిది మంది.

"నడుస్తది, ఫికర్ చెయ్యకు" అన్నాను. ఇంకా మూత కూడా తీయలేదు, మాట మాత్రం ఇచ్చేశాను.

మా ఆవిడ రాజేశ్వరి లోపల్నుంచి వింటూనే ఉంది. "ఇంట్ల కుట్టుమిషన్ ఆగి ఏడాదాయె. దానికి దిక్కులేదు గని, గోదాట్ల పడవకు మాత్రం మీరే దిక్కు" అంది. అంటూనే మంచినీళ్ళు మాత్రం ముగ్గురికీ తెచ్చిచ్చింది.

తర్వాత మూడు వారాలు మధ్యాహ్నాలన్నీ పెరట్లోనే. పిస్టను తుప్పు పట్టి సిలిండర్లో బిగుసుకుపోయింది. ఇలాంటి చోట బలం చూపించకూడదు. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో కిరసనాయిలు, ఇంజిన్ ఆయిలు కలిపి పోసి నాలుగు రోజులు వదిలేశాను. ఐదో రోజు చక్రం పట్టి తిప్పితే మెల్లగా కదిలింది. కార్బురేటర్లో పాత పెట్రోలు ఎండి జిగురైంది. కడిగి, సన్న తీగతో దారులన్నీ తెరిచాను. నిప్పురవ్వ పుట్టించే పాయింట్లను గరుకు కాగితంతో రుద్ది మెరిపించాను. నది నీళ్ళను పైకి లాగి ఇంజిన్ను చల్లబరిచే చిన్న రబ్బరు చక్రం ఒకటుంటుంది, ఇంపెల్లర్ అంటారు. అది ఎండిన చెప్పులా పగిలింది. దాని కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ దాకా బస్సులో పోయి ఉత్త చేతులతో వచ్చి, చివరికి రబ్బరు షీటు తెచ్చి నేనే కోశాను. మూడు పాడయ్యాయి, నాలుగోది కుదిరింది.

నీళ్ళు లేకుండా ఈ మోటర్ను నడిపితే ఆ రబ్బరు నిమిషంలో మాడిపోతుంది. అందుకని డ్రమ్ము పైభాగం కోసి, నిండా నీళ్ళు పోసి, మోటర్ను దాని అంచుకు బిగించాను. ఇరుగుపొరుగంతా గోడల మీద నుంచి చూస్తున్నారు. తాడు లాగాను. లాగాను. చొక్కా తడిసిపోయింది. ఎన్నోసారో గుర్తులేదు, ఒక్కసారి దగ్గి, పెరడంతా నీలి పొగ కమ్మి, మోటరు అరవడం మొదలుపెట్టింది. డ్రమ్ములో నీళ్ళు ఎగిరి ఆరేసిన బట్టల మీద పడ్డాయి. పోచం కాక కళ్ళు తుడుచుకున్నాడు. పొగకు కాదు. నాకైతే నేల మీద కాళ్ళు ఆనలేదు.

జూన్ మొదట్లో నదిలో ట్రయలు వేశాం. నాలుగు నిమిషాలు హాయిగా పోయింది. తర్వాత ప్రొపెల్లరు నీళ్ళలోని రాయికి కొట్టుకుని ఆగిపోయింది. ఇంజిను మాత్రం అరుస్తూనే ఉంది. తెడ్లతో ఒడ్డుకొచ్చి విప్పి చూస్తే, ప్రొపెల్లర్ను ఇరుసుతో కలిపే ఇత్తడి పిన్ను రెండు ముక్కలైంది. షియర్ పిన్ అంటారు దాన్ని. నాకు తల కొట్టేసినట్టయింది. అంత పెద్ద మోటరుకు ఇంత మెత్తని పిన్నా? మర్నాడే గట్టి ఉక్కు బోల్టు నుంచి కొత్త పిన్ను చేసుకొచ్చి బిగించాను.

"ఇగ ఏనుగు తన్నినా విరగది" అన్నాను.

లచ్చన్న వంగి పిన్నును వేలితో నొక్కి చూశాడు. "మరి గిది విరగకుంటే ఏది విరుగుతదన్నా?"

"ఏదీ విరగది. ఎక్కు."

"నేనెక్కనన్నా."

ఒళ్ళు మండిపోయింది. "నీ మస్టర్ల కోసమే కదరా నేను చచ్చేది! గనిల కప్పుకు పెట్టే సపోర్టు కర్రలు మోసేటోనివి, మోటరు సంగతి నీకేం తెలుసు?" అని నలుగురిలో అరిచేశాను. అతను పడవ దగ్గర్నుంచి పక్కకు జరిగి నిలబడ్డాడు. నేను సైకిలెక్కి ఇంటికొచ్చేశాను.

 అతని ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, అదీ నా కోపం. మర్నాడు షిఫ్టు దిగి గని ముందు నిలబడ్డాను. లచ్చన్న బొగ్గు మసితో పైకొచ్చాడు. "నిన్న నువ్వు అడిగింది మళ్ళీ చెప్పు" అన్నాను.

అతను నవ్వలేదు, అలగలేదు. "కింద మేం కప్పుకు కర్రలు పెడ్తం గదన్నా. కప్పు దిగేటప్పుడు కర్ర పటపటమంటది. అది ఇని మేం ఉరుకుతం. ఇరగనీకి ముంగట అది మనకు చెప్తది. కర్ర పోతే ఇంకో కర్ర తెచ్చుకుంటం. మనిషి పోతే యాడికెల్లి తెస్తం? నీ ఇత్తడి పిన్ను గూడ గసొంటిదే అనిపిచ్చింది. గంతే. నాకు మోటరు తెల్వది."

రేవుకు పోయి మోటరు కింది పెట్టె విప్పాను. లోపల గేరు చక్రాలు, వేలిగోరంత పళ్ళు. ప్రొపెల్లరు రాయికి కొట్టుకుని పిన్ను విరగకపోతే ఆ దెబ్బంతా పోయేది ఆ పళ్ళకే. పిన్ను ఎన్నయినా చేసుకోవచ్చు. ఆ గేర్లు ఈ దేశంలో ఎక్కడ దొరుకుతాయో దేవుడికెరుక. ఐటీఐ చదివిన నాకు తట్టనిది, కర్రలు మోసే మనిషికి తట్టింది. సిగ్గేసింది. ఫోర్‌మన్‌ను అడిగి, స్క్రాపులో పడున్న ఇత్తడి కడ్డీని లేత్ మిషన్ మీద పెట్టి పన్నెండు పిన్నులు చేశాను. ఒక డబ్బాలో వేసి, పట్టకారుతో సహా పోచం కాకకు ఇచ్చాను.

ఆగస్టులో ఒక రోజు, వరద తగ్గుముఖం పట్టాక, ఒరవడిలో మోటరు ఎలా ఉందో విందామని అవతలి ఒడ్డుకు పోయాను. సెకండ్ షిఫ్టుకు పోయే ఎనిమిది మందితో తిరిగి బయలుదేరాం. నది నడుమకు వచ్చేసరికి కొట్టుకొస్తున్న చెట్టు కొమ్మ కింద తగిలింది. టక్కుమంది. ప్రొపెల్లరు ఆగింది, పడవ పక్కకు తిరిగింది.

"తెడ్లు ఏయిండ్రి!" అని పోచం కాక కేకేశాడు. నేను ఇంజిన్ ఆపి మోటర్ను పైకి వంచాను. లచ్చన్న నా నడుము పట్టుకున్నాడు. పాత పిన్ను ముక్కలు తీశాను. కొత్తది తడి చేతిలోంచి జారి గోదాట్లో పడింది. లచ్చన్న డబ్బాలోంచి ఇంకొకటి తీసిచ్చాడు. అది కూర్చుంది. తాడు లాగితే రెండోసారికే అందుకుంది. ఆ పూట ఉక్కు పిన్నే ఉండి ఉంటే గేర్లు నది నడుమనే నుగ్గయ్యేవి. ఎంత దూరం కొట్టుకుపోయేవాళ్ళమో.

రేవుకు చాలా కిందుగా ఒడ్డుకు చేరాం. అందరూ పరుగు. మస్టర్ క్లర్కు రిజిస్టరు మూయబోతుండగా ఎనిమిది మందీ రాయించుకున్నారు.

ఆ వానాకాలం లచ్చన్న పోగొట్టుకున్నవి మూడే మస్టర్లు. అవి నిండు వరద రోజులు, పోచం కాక పడవ తాడు విప్పనన్న రోజులు. ఏడాది తిరిగేసరికి లచ్చన్న పర్మినెంటయ్యాడు. ఆర్డరు కాయితం తీసుకుని తిన్నగా వర్క్‌షాపుకు వచ్చి, "ఫిట్టరన్నా, సదివి చెప్పు" అన్నాడు. చదివాను. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను.

తర్వాత ఇంకా చాలా ఏళ్ళు పనిచేశాను. నా పనిలో తప్పుందని ఎవరన్నా అంటే ఇప్పటికీ మొదట కోపమే వస్తుంది. అది నాతో పుట్టింది, పుడకలతోగాని పోదు. కానీ మర్నాడు ఆ మనిషి దగ్గరికి పోయి, "నిన్న నువ్వు అన్నది మళ్ళీ చెప్పు" అని అడుగుతాను. అది మాత్రం నాతో పుట్టింది కాదు. గని ముందు నిలబడి నేర్చుకున్నది.