జర్‌వలీ కాకా చెయ్యి

పెషావర్ దగ్గరి దర్రా బజారులో పిస్తోళ్ళు చేసేవాళ్ళు వీధి వీధికీ ఉన్నారు. చేసినదాన్ని ఒక్కసారి పట్టుకుని, అది మనిషి చేతికి పనికొస్తుందో రాదో చెప్పగలిగినవాళ్ళు మాత్రం తక్కువ. జర్‌వలీ ఆ కొద్దిమందిలో ఒకడు. హాజీ సమందర్ కొట్లో ఆయన పని అదొక్కటే. ఆకురాయి పట్టడు, కొలిమి దగ్గరికి పోడు. తయారైన పిస్తోలు ఖాళీగా ఉందని చూసుకుని, కళ్ళు మూసుకుని కొండవైపు చెయ్యి చాస్తాడు. కళ్ళు తెరిచేసరికి గొట్టం తాననుకున్న బండకేసి ఉంటే పిడి వాలు కుదిరినట్టు. చిటికెనవేలికి చోటు దొరక్క కిందికి జారితే పిడి పొట్టిదైనట్టు. ఎక్కడైనా అంచు గీసుకుంటే అక్కడ సుద్దముక్కతో గీత పెట్టి పనివాళ్ళ ముందు పడేస్తాడు.

"ఈ కాకాకి స్వర్గంలోంచి హూరీని తెచ్చి చూపించినా ముక్కు కాస్త అరగదియ్యమంటాడ్రా" అని వాళ్ళు గొణుక్కునేవాళ్ళు.

ఇప్పుడు ఆ చెయ్యే మొద్దుబారిపోతోంది. షుగరు జబ్బు తిమ్మిరి ముందు పాదాలకొచ్చింది. చలి మొదలయ్యాక వేళ్ళ కొసల్లో చీమలు పాకాయి. కొన్నాళ్ళకు ఆ చీమలు కూడా పోయాయి. ఆయన భార్య బఖ్త్‌మీనా ఒకరోజు పొయ్యి మీద కాగుతున్న కెటిల్‌ను ఆయన ఒట్టి చేత్తో దించడం చూసింది. చర్మం కమిలిపోతున్నా ఆయన తాపీగా కప్పులో టీ పోసుకుంటున్నాడు.

"హాజీకి చెప్పెయ్యి" అందామె, చేతికి వెన్న రాస్తూ.

"చెప్పి?"

"ఇంకో పనేదైనా ఇస్తాడు."

"ఏం పనిస్తాడే? పట్టుకుని చూడ్డం తప్ప నాకేం వచ్చని?"

ఆమె కాలిన చోట ఇంకాస్త వెన్న రాసింది.

ఆ తర్వాత జర్‌వలీ ఎవరూ చూడనప్పుడు పిస్తోలు అంచుల్ని కింది పెదవి మీద రాసుకుని చూడసాగాడు. పెదవికి ఇంకా స్పర్శ ఉంది. గరుకు ఎక్కడుందో అది చెప్పేది. పేలినప్పుడు చేతికి ఏమవుతుందో మాత్రం పెదవి చెప్పలేదు. గొట్టం మీదనుంచి వెనక్కి దూసుకొచ్చే ఇనప స్లైడు చర్మాన్ని కొరుకుతోందా లేదా అన్నది చెయ్యే చెప్పాలి.

దారి పొడుగునా చెక్‌పోస్టులు పడ్డాక బజారుకు కొనేవాళ్ళు రావడం తగ్గింది. పక్క రెండు కొట్లూ మూతపడ్డాయి. అలాంటప్పుడు పెషావర్ నుంచి యార్ మహమ్మద్ అనే లారీల యజమాని వచ్చాడు. చొక్కా కింద కనబడకుండా ఇమిడే చిన్న పిస్తోలు తన డ్రైవర్లందరికీ కావాలన్నాడు. హాజీ కొత్తగా పొట్టిది ఒకటి చేయించాడు.

"ఇంత చిన్నదా? నా చేతిలో బిస్కెట్‌లా ఉందే!" అన్నాడు యార్ మహమ్మద్.

"నీ చేతులు పలావు పళ్ళేలకి అలవాటు పడ్డాయి ఖాన్ సాబ్. చిన్నవి ఆనవు మరి" అన్నాడు జర్‌వలీ. అందరూ నవ్వారు.

ఆ కొట్లో ఒక పద్ధతి ఉంది. తూటాలన్నీ కొండమీదికి కాల్చాక పట్టి చూసినవాడు తన చేతిని అటూ ఇటూ తిప్పి కొనేవాడికి చూపిస్తాడు. చేతిమీద గాటు లేకపోతే బేరం కుదిరినట్టే. దాని మీద ఇక మాటలుండవు.

జర్‌వలీ వాలు మీద నిలబడి ఆపకుండా కాల్చాడు. తూటాలన్నీ అనుకున్న బండకే తగిలాయి. దుమ్ము లేచినచోటు చూసి ఆయనకు చాలా రోజుల తర్వాత ధైర్యం వచ్చింది. పిస్తోలు కింద పెట్టి, వచ్చి, యార్ మహమ్మద్ ముఖం ముందు వేళ్ళు బారచాపాడు.

"చూసుకో ఖాన్ సాబ్! పట్టుగుడ్డ పట్టుకున్నట్టుంది."

అందరూ ఆ చేతికేసే చూస్తున్నారు. మెచ్చుకుంటున్నారనుకుని ఆయన చెయ్యి తిప్పి మళ్ళీ చూపించాడు. బొటనవేలి పక్కన మెత్తటి చర్మం రెండు చారలుగా చీలిపోయి ఉంది. రక్తం మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి కారుతోంది.

"కాకా, కిందికి చూసుకో" అన్నాడు యార్ మహమ్మద్ మెల్లగా. తర్వాత హాజీ వైపు తిరిగాడు. "మీ కొట్లో నమ్మకమంటే ఈ చెయ్యేనా హాజీ సాబ్?" అని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

హాజీ తన తలగుడ్డ కొస చింపి కట్టు కట్టాడు.

"ఎన్నాళ్ళనించి?"

"ఇవాళే... చలికి కొంచెం..."

"నా మొహం చూసి చెప్పు కాకా."

జర్‌వలీ తలెత్తలేదు. హాజీ అరవలేదు. గోడకున్న అల్మరా వైపు చూశాడు. చలికాలమంతా జర్‌వలీ సరే అన్న పిస్తోళ్ళు అందులో ఉన్నాయి. అమ్ముడైపోయినవి ఎవరి నడుములకు ఉన్నాయో ఎవరికీ తెలియదు.

మర్నాడు రావద్దని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆయన వెళ్ళాడు. అల్మరా ఖాళీ చేసి పిస్తోళ్ళన్నీ బల్ల మీద పరిచారు. ఆకురాయి పట్టే షిరీన్ ఒక్కోటీ వాలు మీదికి తీసుకెళ్ళి కాల్చి వస్తున్నాడు. వచ్చినప్పుడల్లా కొన్నిటిని పక్కన పడేస్తున్నాడు. జర్‌వలీ కనీసం తూటాలైనా నింపుదామని కూర్చున్నాడు. అవి వేళ్ళలోంచి జారి నేలమీద దొర్లాయి. ఏరబోతే హాజీ భుజం పట్టి ఆపాడు.

"వద్దు కాకా. నువ్వు ఆ మంచం మీద కూర్చో."

టీ వచ్చింది. ఆ కొట్లో ముందు కప్పు చుట్టాలకిస్తారు. పనివాళ్ళు తర్వాత తాగుతారు. షిరీన్ రెండు చేతులతో ముందు కప్పు తెచ్చి జర్‌వలీకి అందించాడు. మిగతావాళ్ళు ఆయన తాగేదాకా కాచుకుని నిలబడ్డారు.